మార్గరెట్టు కజిన్సు : 'జన'శబ్దార్థ విచారము

గత గణతంత్రదినమున మా ఖానాపురం హవేలిలో ఒక పాఠశాలయందు జెండావందనసభ జరిగెను. నేనును ఆహూతుడనై పోయితిని. బాలికలు జాతీయగీతమును శ్రావ్యముగా పాడిరి. పిమ్మట ఉపన్యసించిన పెద్దమనిషి యొకడు, ఈ గీతమునకు వరుస కట్టినది మదనపల్లెలో నుండిన యొక ఇంగ్లీషు దొరసాని యని చెప్పెను. సభలో వాదించుట మర్యాద కాదు గనుక ఊరకుంటిని. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేయగా ఆ యొక్క వాక్యమున రెండు దోషములు కనబడెను. ఆమె ఇంగ్లీషు స్త్రీ కాదు, ఐర్లండు దేశపు స్త్రీ. ఆమె వరుస కట్టలేదు, ఉన్న వరుసను లిపిలో వ్రాసినది.

ఈ రెంటిని దిద్దుటకై మొదలుపెట్టిన పని నన్ను వేఱొక చోటికి గొనిపోయెను. ఆమె చేతివ్రాతలలో స్వరలిపికంటె విలువగలది మఱియొకటి కలదు. అది ఒక విన్నపపత్రమందలి యొక మాట. వైయాకరణుడ నగుటచే నాకు దృష్టి అచ్చటనే నిలిచినది. ఈ వ్యాసము ప్రధానముగా ఆ మాటను గూర్చినది. జీవితచరిత్రమును దానికి వలసినంత మేరకు మాత్రమే చెప్పుచున్నాను.

మార్గరెట్టు ఎలిజబెత్తు గిలెస్పీ 1878 నవంబరు 7వ తేదీని ఐర్లండులోని రాస్కామను మండలమున బాయిలు అను ఊర జన్మించెను. డబ్లినునగరమున సంగీతము నేర్చి 1902లో రాయలు విశ్వవిద్యాలయమునుండి ఆ శాస్త్రమున పట్టము గొనెను. మఱుసటి యేట జేమ్సు కజిన్సు అను కవిని వివాహమాడెను. దంపతు లిరువురును శాకాహారమును వ్రతముగా స్వీకరించిరి. ఆ చలిదేశమున, ఆ కాలమున, ఇది సామాన్యమైన నిష్ఠ గాదు. ఆమె ఉపాధ్యాయిని, గాయని, వక్త. 1908లో హానా షీహీ స్కెఫింగ్టను అను విదుషితో గూడి ఐర్లండు స్త్రీల వోటుహక్కు సంఘమును స్థాపించెను.

ఆ 1908వ సంవత్సరమును చదువరులు జ్ఞప్తియం దుంచుకొన వేడెదను. స్కాట్లండు దేశమున ఎడింబరో విశ్వవిద్యాలయపు పట్టభద్రురాండ్రు కొందఱు తమకును విశ్వవిద్యాలయపు ఎన్నికలలో వోటు గలదని వ్యాజ్యెము వేసి, లండనులోని ప్రభువుల సభవఱకు పోయి, ఆ యేటనే ఓడిపోయిరి. చట్టమున నున్నది 'పురుషుడు' అను మాట గాదు, 'వ్యక్తులు' అను మాట. అయినను ఆ మాట స్త్రీలకు వర్తింపదని న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. అంతకు నలువదేండ్లకు ముందు, 1868లో, ఇంగ్లండున ఇట్టిదే మఱియొక తీర్పు గలదు. 1850లో చేసిన శాసన మొకటి, చట్టములలోని పుంలింగపదములు స్త్రీలను గూడ బోధించునని స్పష్టముగా విధించియుండెను. అదియును వోటు విషయమున చెల్లదని అప్పటి న్యాయాధిపతు లనిరి. పన్ను కట్టునప్పుడు, శిక్ష యనుభవించునప్పుడు పుంలింగము స్త్రీని గలుపుకొనును. వోటు వేయునప్పుడు మాత్రము విడిచిపెట్టును.

మన శాస్త్రమున ఏకశేషప్రకరణ మెఱిగినవారికి ఇది వింతగా తోచును. స్త్రీపుంసవాచకములు కలిసినచోట పుంలింగశబ్దమే మిగులునని పాణిని విధించెను. అట్లు మిగిలిన శబ్దము లోపించినదాని యర్థమును గూడ మోయును. 'హంసౌ' అన్నప్పుడు ఆడుహంస ఎగిరిపోలేదు. 'పితరౌ' అన్నప్పుడు తల్లి ఇల్లు వెడలలేదు. శబ్దము లోపించును, అర్థము లోపింపదు. ఇంగ్లండు న్యాయాధిపతులు శబ్దముతోపాటు అర్థమును గూడ లోపింపజేసిరి.

ఇట్టి దేశకాలములలో మార్గరెట్టు కజిన్సు పోరాటమున దిగెను. 1910లో లండనునకు పోయి మంత్రుల యిండ్ల కిటికీల యద్దములు పగులగొట్టిన స్త్రీలలో నొకతెయై హాలోవే చెఱసాలలో నొక మాసము గడపెను. 1913లో డబ్లిను కోటలోని యద్దములు పగులగొట్టినందుకు మఱల శిక్ష పడగా టల్లమూరు చెఱసాలలో నిరాహారవ్రతము బూనెను. అద్దములు పగులగొట్టుట నాకు రుచింపని పని. కాని మాటలకు అర్థమే లేకుండ జేసిన రాజ్యమున రాళ్లకు అర్థము వచ్చినదని తలచి ఊరకుందును.

1915లో దంపతులు భారతదేశమునకు వచ్చిరి. అనీబెసంటమ్మ నడపుచుండిన 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్సు కజిన్సునకు ఉద్యోగము దొరకెను. బెసంటమ్మ దివ్యజ్ఞానసమాజమున చేరుటకు ముందు లండనులో ఫేబియను సంఘమున నుండిన సామ్యవాదిని. 1888లో అగ్గిపుల్లల కార్ఖానాలోని పడుచుల సమ్మెకు అండగా నిలిచిన స్త్రీ. మఱుసటి యేట, 1916 ఈస్టరు పండుగవారమున, డబ్లినులో తిరుగుబాటు జరిగెను. దాని నాయకులలో నొకడు జేమ్సు కానొలీ. అతడు స్కాట్లండులోని ఎడింబరోలో బుట్టి ఐర్లండున పనిచేసిన సామ్యవాది, స్త్రీల వోటుహక్కును మనసార సమర్థించినవాడు. ప్రభుత్వ మతనిని కాల్చి చంపించెను. ఆ తిరుగుబాటునకు నాయకులైనవారిని శ్లాఘించుచు జేమ్సు కజిన్సు 'న్యూ ఇండియా'లో వ్యాసము వ్రాయగా దొరతనమువారు మండిపడిరి. పత్రికయం దాతనికి చోటు లేకపోయెను. బెసంటమ్మ ఆతనిని మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యాపకునిగా పంపెను. డబ్లినులో ప్రేలిన తుపాకులవలన రాయలసీమయందలి యొక చిన్నయూరికి ఇరువురు గురువులు లభించిరి.

మార్గరెట్టమ్మయు మదనపల్లెలో బోధించుచు ఆ యూరి స్త్రీలతో కలిసిమెలిసి యుండెను. అచ్చట 'అబలాభివర్ధినీ సమాజము' అను స్త్రీసమాజముతో ఆమెకు సంబంధము గలిగెను. ఆ పేరు పెట్టిన పండితు డెవరో గాని సమాసము కుదిరినది, తాత్పర్యము కుదురలేదు. అభివృద్ధి నొందిన పిమ్మటను అబలలుగానే యుండవలెనా? 1917 మే 8వ తేదీని అడయారులో స్థాపించిన పెద్ద సంఘమునకు ఆమెయు, డొరతీ జినరాజదాసమ్మయు, తదితరులును 'భారత స్త్రీసంఘము' అని సూటిగా పేరు పెట్టిరి. దానికి బెసంటమ్మ అధ్యక్షురాలు. కార్యదర్శులలో మార్గరెట్టు కజిన్సు ఒకతె. ఆ సంఘము పక్షమున 'స్త్రీధర్మము' అను పత్రిక వెలువడి, ఇంగ్లీషుతోపాటు దేశభాషలలోను వ్యాసములను ప్రకటించెను.

జాతీయగీతము సంగతి కాలక్రమమున దీని తరువాతిదైనను ముందుగనే చెప్పి ముగింతును. 1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె కళాశాలలో అతిథియై యుండెను. ఒక సాయంకాలము అధ్యాపకులును విద్యార్థులును చేరిన పాటకచ్చేరిలో ఆయన 'జనగణమన' పాడెను. మార్గరెట్టమ్మ ఆ వరుసను పాశ్చాత్యుల అయిదుగీతల స్వరలిపిలో వ్రాసెను. ఆ దినములలోనే, ఫిబ్రవరి 28వ తేదీని, రవీంద్రుడు దానిని స్వయముగా ఇంగ్లీషున పరివర్తించెను. కాని ఆ పాట 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది. కాబట్టి మదనపల్లెలో పుట్టినది పాట గాదు, దాని పాశ్చాత్య స్వరలిపి. వేదమందలి ఉదాత్తానుదాత్తములను తాటాకుపై గీతలతో గుర్తించిన లేఖకుని మంత్రద్రష్ట యని మన మనము. అట్లని వాని యుపకారమును మఱవము. ఈ తారతమ్యము పాఠశాలలలో బోధించువారు పాటించిన చాలును.

ఇక ఆ మాట.

1917లో ఇండియామంత్రి మాంటేగు ఈ దేశమునకు వచ్చి, రాజప్రతినిధి ఛెమ్సుఫర్డు ప్రభువుతో గూడి, రాబోవు రాజ్యాంగసంస్కరణములను గూర్చి అన్నివర్గముల విన్నపములను వినుచుండెను. మార్గరెట్టు కజిన్సు స్త్రీల పక్షమున దర్శనము కోరి జాబు వ్రాసెను. అప్పటికి ఆమె యుద్దేశము ముఖ్యముగా స్త్రీవిద్యయే. రాజకీయవిషయముల మీది విన్నపములను తప్ప తక్కిన వానిని వినుటకు అవకాశము లేదని ప్రత్యుత్తరము వచ్చెను. చదువు రాజకీయము గాదట! అట్లయిన రాజకీయమునే అడుగుదమని ఆమె నిశ్చయించెను. త్రోవ మూసినవారే పెద్దత్రోవను చూపించినట్లయ్యెను. విన్నపపత్ర మామె సిద్ధపఱచెను. 1917 డిసెంబరులో చెన్నపురియందు దానిని సమర్పించిన స్త్రీబృందమునకు నాయకురాలు సరోజినీదేవి. ఆమె మన హైదరాబాదులో బుట్టినది.

ఆ పత్రమున విద్య, ఆరోగ్యము మొదలైనవి యున్నవి. నడుమ నొక వాక్యమున్నది. కాంగ్రెసువారును ముస్లిములీగువారును గలిసి సిద్ధపఱచిన సంస్కరణపథకమున శాసనసభ్యులను 'జనులు' నేరుగా ఎన్నుకొనవలెనని యుండెను. స్త్రీలు ఆ మాటనే పట్టుకొనిరి. వోటుహక్కు నిబంధనలు వ్రాయునప్పుడు స్త్రీలనుగూడ జనులుగా గుర్తింపవలెననియు, స్త్రీత్వము అనర్హతగా పరిణమింపని రీతిగా పదములను కూర్పవలెననియు వారి ప్రార్థన. ఇందలి తాత్పర్యమునే నా మాటలలో చెప్పితిని.

తొలిసారి చదివినప్పుడు నాకీ ప్రార్థన అనావశ్యకముగా తోచెను. స్త్రీలు జనులు గారని యెవ్వ డనును? పిమ్మట 1868, 1908 సంవత్సరముల తీర్పులు కంటబడెను. అప్పుడు గాని ఆ వాక్యమున నున్న జాగరూకత బోధపడలేదు. వోటుహక్కు సంఘమును స్థాపించిన యేటనే 'వ్యక్తులు' అను మాటనుండి స్త్రీలను వెలివేసిన తీర్పు వచ్చెను. ఆ సంఘపు స్థాపకురాలికి అది తెలియదనుట అసంభవము. మాట సామాన్యముగా నున్నంత మాత్రమున అందఱును అందున్నారని నమ్మరాదని ఆమె ఎఱుగును. అందుచేత అర్థమును ముందుగనే వ్రాయించి పెట్టవలెనని ఆమె కోరినది. సామ్రాజ్యపు పెద్దన్యాయస్థానమగు ప్రీవీకౌన్సిలు, కెనడాదేశపు వ్యాజ్యెమున స్త్రీలు 'వ్యక్తులే' యని తీర్పు చెప్పినది 1929లో. చెన్నపురి విన్నపము దానికి పండ్రెండేండ్లు ముందు. ఈ పౌర్వాపర్యమును మన చరిత్రకారులు తగినంత గమనించినట్లు కనబడదు.

తెలుగు వైయాకరణునికి ఇందు మఱియొక చమత్కారము కలదు. చిన్నయసూరి పురుషవాచకములను మహత్తులనియు, స్త్రీవాచకములను మహతు లనియు, తక్కినవానిని అమహత్తు లనియు విభజించెను. ఏకవచనమున స్త్రీకి అమహత్తుతోడి పొత్తు. 'అన్న వచ్చినాడు' అందుము గాని, 'అక్క వచ్చినది' అందుము, 'ఆవు వచ్చినది' అన్నట్లే. బహువచనమున అక్కలు అన్నలతో జేరుదురు. 'అక్కలు వచ్చినారు', 'ఆవులు వచ్చినవి'. మన భాషలో ఒంటరి స్త్రీ పశుపక్ష్యాదులతో నుండి, పదుగురు గూడినప్పుడు మనుష్యజాతిలోనికి వచ్చును! నా గురువుగారి యెదుట ఈ మాట యన్నచో, శబ్దలింగమును లోకలింగముతో ముడిపెట్టితివని చీవాట్లు పెట్టియుందురు. అది నిజమే. వ్యాకరణము గౌరవాగౌరవములను నిర్ణయింపదు. అయినను చెన్నపురికి పోయిన స్త్రీలు ఒక్కొక్కతెగా పోలేదు, బహువచనముగా పోయిరి.

విన్నపము వెంటనే ఫలింపలేదు. 1918లో వెలువడిన మాంటేగు ఛెమ్సుఫర్డుల నివేదికలో స్త్రీల ప్రసక్తియే లేదు. వోటుహక్కు విచారణకై వచ్చిన సౌత్‌బరో ప్రభువు సంఘము, ఈ దేశపు ఆచారములనుబట్టి స్త్రీలకు వోటిచ్చుటకు కాలము రాలేదని చెప్పెను. సరోజినీదేవి, బెసంటమ్మ, బొంబాయినుండి హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిథను, 1919లో లండనునకు పోయి పార్లమెంటు సంయుక్తసంఘము నెదుట సాక్ష్య మిచ్చిరి. తుదకు పార్లమెంటువారు ఈ చిక్కును తాము విప్పక, రాష్ట్రశాసనసభలకే విడిచిపెట్టిరి. 1921లో చెన్నరాజధాని శాసనసభ స్త్రీత్వమువలని యనర్హతను తొలగించెను. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో ఇట్లు చేసినది చెన్నరాజధానియే మొదట.

ఇచ్చట ఒక భేదమును చెప్పవలెను. బ్రిటనులో 1918లో వోటు వచ్చినది ముప్పదియేండ్లు నిండి ఆస్తియోగ్యత గల స్త్రీలకే. పురుషులతో సమముగా వచ్చినది 1928లో. చెన్నరాజధానిలో 1921లోనే పురుషునికి గల నియమములే స్త్రీకిని వర్తించెను. కాని ఆ నియమములు ఆస్తికిని పన్నునకును ముడిపడి యున్నవి. స్వంత ఆస్తి గల స్త్రీలు ఎందఱు? సమత్వము వ్రాతలో వచ్చినది, సంఖ్యలో రాలేదు. దీనిని విజయమనువారితోను, కంటితుడుపు అనువారితోను నేను పూర్తిగా ఏకీభవింపను. లింగమువలని యడ్డు ఒకసారి తొలగిన పిమ్మట, మిగిలిన ధనమువలని యడ్డు స్త్రీపురుషుల కిరువురకును ఉమ్మడి యయ్యెను. అది గొప్ప మార్పు.

ఆ తరువాతి చరిత్ర వేగముగా నడచినది. 1926లో స్త్రీలు శాసనసభలకు అభ్యర్థులుగా నిలుచుటకు అనుమతి రాగా, మార్గరెట్టమ్మ ప్రోత్సాహముచే కమలాదేవీ చట్టోపాధ్యాయ మంగుళూరు ప్రాంతమున నిలిచి కొలదివోట్ల తేడాతో ఓడిపోయెను. 1927లో ముత్తులక్ష్మీరెడ్డి చెన్నశాసనసభలో సభ్యురాలై ఉపాధ్యక్షపదవిని గూడ పొందెను. ఆ యేటి జనవరిలోనే పూనాలో అఖిలభారత మహిళాసభ మొదటి సమావేశము జరిగెను. దానికి పిలుపుజాబులు వ్రాసి దేశమంతట స్త్రీలను గూర్చినది మార్గరెట్టు కజిన్సే. ఈ జాబుల పని చూచుటకు చిన్నది. కాని జాబులు వ్రాయువారు లేనిదే సభలు గూడవని సాహిత్యసంఘములు నడపు మనకు తెలియనిది కాదు.

ఈ నడుమ ప్రభుత్వము ఆమెను గౌరవ మేజిస్ట్రేటుగా నియమించెను. ఈ దేశమున అట్టి యధికారము వహించిన మొదటి స్త్రీ ఆమెయే. పదేండ్లు తిరుగకుండనే, 1932లో, వాక్స్వాతంత్ర్యమును అణచు అత్యవసర శాసనములను నిరసించుచు చెన్నపురిలో బహిరంగముగా ప్రసంగించినందుకు, అట్టి మేజిస్ట్రేటు నెదుటనే ముద్దాయిగా నిలువవలసివచ్చెను. ఏడాది శిక్ష. వేలూరు స్త్రీల చెఱసాల. హాలోవే, టల్లమూరు, వేలూరు, మూడుదేశముల చెఱసాలలను చూచినదన్నమాట. మొదటి రెంటికి తన హక్కునకై పోయెను. మూడవదానికి పరుల హక్కునకై పోయెనని కొంద ఱందురు. 'పరులు' అను మాటను ఆమె ఒప్పుకొనునా యని నాకు సందేహము.

అయినను ఆమె విదేశీయ యను ప్రశ్న యుండనే యున్నది. స్త్రీల వోటుహక్కు దొరసానులు తెచ్చిపెట్టిన వస్తువని యప్పుడును అనిరి, ఇప్పుడును అందురు. చెన్నపురి రాయబారమున ఆమె నడచిన తీరే దీనికి సమాధానము. పత్రమును సిద్ధపఱచినది తాను, ముందు నిలిచినది సరోజినీదేవి. తరువాతి యేండ్లలో భారతస్త్రీలలో నాయకురాండ్రు తలయెత్తిన కొలది, తన ప్రత్యక్షప్రమేయము ఇక అవసరము లేదని, కొందఱికి అభీష్టమును గాదని గ్రహించి ఆమె ప్రక్కకు తొలగెను. ఈ సంగతిని దంపతు లిరువురును గలిసి రచించి 1950లో ప్రకటించిన ఆత్మకథలో ఆమెయే దాచక తెలిపినది. అందు కొంత నొప్పి లేకపోలేదు. బోధించినవాడు శిష్యునిచే 'ఇక చాలు' అనిపించుకొను దినము ప్రతి గురువునకు వచ్చును. ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ పుటలు చదువుట కష్టమైనది.

ఇంతవఱకు చెప్పినదంతయు చెన్నరాజధాని సంగతి. మా ఖమ్మముసీమ అప్పుడు నిజామురాజ్యము. అడవి కవతల భద్రాచలము బ్రిటిషువారి క్రింద, ఇవతల మేము నిజాము క్రింద. 1921 నాటి చట్టము మా స్త్రీలకు వర్తింపలేదు. ఇచ్చట వోటు కంటె ముందు సభ చేయుటయే గగనము. నిజామాంధ్రమహాసభతోపాటు స్త్రీలసభయు 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతను మొదలై, 1934లో మా ఖమ్మములో ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షతను జరిగెను. చదువు, బాల్యవివాహములు, ఘోషా, ఇవియే ఆ సభల ముఖ్యవిషయములు. అనగా 1917లో రాజకీయము గావని తిరుగగొట్టబడిన విషయములే. అడయారు సంఘము ప్రేరణచేతనే ఇవి పుట్టెనని నే ననను. కాని వోటు లేని రాజ్యమున స్త్రీలు వేదికనెక్కి అధ్యక్షతవహించి తీర్మానములు చేయుట, 'జనులు' అను మాటలో తమకు తామే చోటు చేసికొనుట కాదా?

మార్గరెట్టు కజిన్సు 1943లో పక్షవాతముచే మంచము పట్టెను. చెన్నరాష్ట్ర ప్రభుత్వమును, పిమ్మట జవాహర్లాల్ నెహ్రూయు ఆమెకు ధనసహాయము చేసిరి. 1954 మార్చి 11వ తేదీని ఆమె మరణించెను. జేమ్సు కజిన్సు 1956లో మదనపల్లెలో కన్నుమూసెను. ఆయన సమాధి యచ్చటనే కలదు.

ఆమె మంచముమీద నుండగనే 1950 రాజ్యాంగము వచ్చి, ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి 'వ్యక్తి'కిని వోటిచ్చెను. ఈసారి ఆ మాటకు అర్థము చెప్ప న్యాయస్థానమునకు పోవలసిన పని లేకపోయెను. 1952 ఎన్నికలలో మా హైదరాబాదు రాష్ట్రపు స్త్రీలును వోటు వేసిరి. తెలంగాణా సాయుధపోరాటమున పాల్గొనిన ఆరుట్ల కమలాదేవి ఆలేరునుండి శాసనసభకు గెలిచెను. కాని ఆ ఎన్నికల పట్టికలు తయారగునప్పుడు ఉత్తరదేశమున, ముఖ్యముగా బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము మొదలగుచోట్ల, ఒక చిక్కు వచ్చెను. పెక్కుమంది స్త్రీలు పరపురుషునికి తమ పేరు చెప్పుటకు అంగీకరింపక, ఫలానావాని భార్యయనియు, ఫలానావాని తల్లి యనియు వ్రాయించిరి. వోటు వేయువాడు కర్త. కర్త ప్రథమావిభక్తిలో నుండవలెను. ఈ స్త్రీలు పట్టికలో షష్ఠీవిభక్తికి వ్రేలాడుచు నిలిచిరి. స్వంతపేరు లేనివారిని పట్టికనుండి తొలగింపుడని ఎన్నికల సంఘము ఆజ్ఞ చేయగా, సుమారు 28 లక్షల స్త్రీల పేళ్లు, పేళ్లనుటకు వీలులేని ఆ గుర్తులు, కొట్టివేయబడెను. 1957 నాటి రెండవ ఎన్నికలకు వారిలో పెక్కురు తమ పేళ్లు చెప్పి పట్టికల కెక్కిరి.